నష్టాల ట్రిప్పు అన్నారు, పాసు పిల్లల డబ్బు ఏ లెక్కలో ఉందని అడిగాం

శాసనసభ్యులకు ప్రశ్నలు రాసిపెట్టడం నా పని. సభలో సభ్యుడు లేచి అడిగే ప్రశ్న వెనక చాలాసార్లు నాలాంటివాడొకడు ఉంటాడు, బడ్జెట్ పుస్తకాలూ జీవోలూ పాత సమావేశాల జవాబులూ ముందేసుకుని. ఇలాంటి ప్రశ్నలు చాలా రాశాను, ఎక్కువ భాగం మర్చిపోయాను కూడా. ఈ ఒక్కటి మాత్రం రాసి పెట్టాలనిపించింది. ఇందులో మేం అడిగింది మొదటి నుంచీ ఒకే సంగతి, ఒక ఊరికి పొద్దున రావాల్సిన పల్లెవెలుగు బస్సు. దాన్ని బస్సు సమస్యగా అడిగినన్నాళ్లూ పని జరగలేదు, డబ్బు లెక్కగా అడిగాక కదిలింది.

ఊరు, మండలం, డిపో, ఏ ఏడాది సమావేశాలు, సభ్యుడు అధికారపక్షమా ప్రతిపక్షమా, ఇవేవీ చెప్పను. చెబితే చదివేవాళ్ల ధ్యాసంతా అటే పోతుంది. ఎవరినైనా గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. లెక్కల తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే.

నేపథ్యం

అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దు వైపు ఊళ్లు ఇవి. శనక్కాయ పండితే పండినట్టు, లేకపోతే బెంగళూరు. నడివయసు వాళ్లు చాలామంది అక్కడ కూలికో బిల్డింగ్ పనులకో పోయి ఉంటారు, పిల్లలు అవ్వాతాతల దగ్గరుండి చదువుకుంటారు. ఊళ్లో మిగిలిన మగవాళ్లకి మోటర్‌సైకిళ్లున్నాయి. అంటే బస్సు ఎక్కేది ఎవరయ్యా అంటే స్కూలు పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు. ఈ మాట గుర్తుంచుకోండి, కేసంతా దీని మీదే తిరుగుతుంది.

హైస్కూలు మండల కేంద్రంలో ఉంది. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఇంకొకటి ఉందంటే ఉంది లేదంటే లేదు.

ఇక పైస్థాయి సంగతి. ఆర్టీసీ అనేది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద నడిచే కార్పొరేషన్, 1958 జనవరి నుంచీ ఉంది. 2020 జనవరి 1 నుంచి దాని ఉద్యోగులందర్నీ ప్రభుత్వంలో విలీనం చేసి ప్రజా రవాణా శాఖ అని కొత్త శాఖ పెట్టారు. బస్సులు, డిపోలు, ఆస్తులు మాత్రం కార్పొరేషన్‌వే. డ్రైవరు ప్రభుత్వ ఉద్యోగి, ఆయన స్టీరింగ్ పట్టిన బస్సేమో కార్పొరేషన్‌ది, ఒక్కోసారి అద్దె బస్సయితే అదీ కాదు. సభలో ప్రశ్న వేసేవాడికి ఇది పెద్ద తలనొప్పి. ఒక వాకిలి తడితే ఇంకో వాకిలి చూపించే వీలు ఎప్పుడూ ఉంటుంది. దీనికి తోడు రాయితీలు: విద్యార్థుల పాసులు, అరవై దాటినవాళ్లకి టికెట్‌లో 25 శాతం తగ్గింపు, దివ్యాంగుల పాసులు. ప్రభుత్వం ఇవ్వమన్న రాయితీల భారాన్ని ప్రభుత్వమే సంస్థకి తిరిగి కట్టాలి, బడ్జెట్‌లో దానికి పద్దు ఉంటుంది. ఆ పద్దులో ఎంత రాశారు, ఎంత విడుదల చేశారు అన్నది పూర్తిగా వేరే కథ.

సమస్య ఎలా వచ్చింది

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాలో వాన వల్ల బస్సు ఆగిపోయిందంటే బయటివాళ్లు నమ్మరు. కానీ మా వైపు వాన పడితే ఏడాది వానా ఒక్క రాత్రే పడినట్టు పడుతుంది. అలా ఒక రాత్రి ఆఖరి ఊరికి ముందున్న వంక పొంగి కల్వర్టు ఒక పక్క కోసుకుపోయింది. బస్సు ముందు ఊరి దాకా వచ్చి వెనక్కి తిరగడం మొదలైంది. అది సహజమే, ఎవరూ తప్పు పట్టలేదు. వంక ఎండిపోయింది, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, శనక్కాయ లారీ కూడా వచ్చిపోయింది. బస్సు మాత్రం రాలేదు. "వంక కాడికి గూడా రాదు సార్, ఆ ఊర్లోనే మళ్లుకుని పోతాది" అన్నాడు ఊరాయన ఒకాయన.

పిల్లలు నాలుగు కిలోమీటర్లు నడిచి ముందు ఊరికి వెళ్లి బస్సెక్కాలి. బస్సు తప్పితే ఆటో, డబ్బిస్తేనే ఎక్కించుకుంటాడు, పాసు అక్కడ పనికిరాదు. హెడ్మాస్టరు గారు హాజరు పట్టీ చూపించారు. మగపిల్లలు లేటుగా వస్తున్నారు, తొమ్మిది పది తరగతుల ఆడపిల్లలు కొందరు అసలు రావడమే తగ్గించారు. అవ్వలకి భయం. పొద్దు పొడవక ముందే పిల్లని ఒంటరిగా రోడ్డు మీదకి పంపమంటే ఎవరు పంపుతారు?

మొదట ప్రయత్నించినవి

ముందు డిపోకి వెళ్లాం. నేరుగా సభలో అడగొచ్చు కదా అని సభ్యుడి చుట్టూ ఉన్నవాళ్లు అన్నారు. నేను వద్దన్నాను. సభలో ప్రశ్న పడిన క్షణం నుంచి ఆ డిపోలో ప్రతి కాగితం తనని తాను కాపాడుకునే కాగితం అయిపోతుంది. దానికి ముందు అడిగితే మనుషులు మామూలుగా మాట్లాడతారు. డిపో మేనేజర్ గారు మర్యాదగానే మాట్లాడారు, ఒకే వాక్యంలో రెండు కారణాలు చెప్పారు. "రోడ్డు ఫిట్‌గా లేదని రిపోర్టుంది సార్, అయినా ఆ ట్రిప్పుకి కలెక్షన్ కూడా లేదు."

రోడ్డు సంగతి పంచాయతీరాజ్ ఇంజినీర్లని అడిగితే కల్వర్టుకి అంచనా పంపాం, నిధులు రావాలన్నారు. అక్కడ ఆగిపోయింది. అప్పటికి అందరి దృష్టీ కల్వర్టు మీదే ఉంది, కలెక్షన్ మాటని ఎవరూ పట్టించుకోలేదు. నా పుస్తకంలో మాత్రం ఆ రెండో కారణం కింద గీత గీసుకున్నాను. రోడ్డు బాగైన రోజున కూడా ఈ రెండో కారణం అలాగే ఉంటుంది కదా.

తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు తమ ప్రాంత సమస్యల్ని సభలో క్లుప్తంగా ప్రస్తావించే సమయం. "అన్నా, దీనికి అప్పటికప్పుడు జవాబు ఉండదు, నోట్ చేసుకున్నాం అంటారు అంతే" అని చెప్పాను. "తెలుసులేప్పా. మనం అడిగినామని ముందు ఊరోళ్లకి తెలియాల కదా" అన్నాడు సభ్యుడు. రాజకీయంగా ఆయన మాట కాదనలేను. నోట్ చేసుకున్నామన్నారు. క్లిప్పు వాట్సాప్‌లో తిరిగింది. బస్సు తిరగలేదు.

గ్రాంట్ల డిమాండ్ల మీద, అంటే శాఖలవారీ బడ్జెట్ కేటాయింపుల మీద చర్చలో కూడా ఒకసారి ప్రస్తావించారు, ఉన్న కొద్ది నిమిషాల్లో నీళ్లు, కరెంటు, పింఛన్ల మధ్యలో ఇదొకటి. దాని గురించి చెప్పడానికేం లేదు.

ఆ తర్వాత లిఖిత ప్రశ్న. సభ్యుడి ఆఫీసులో ఎప్పటినుంచో వాడుతున్న మూసలోనే పంపారు. ఆ భాష తెలియనివాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాను, మన శాసనసభ ప్రశ్నల్లో ఇంకా గ్రాంథికమే నడుస్తుంది:

"(అ) సదరు డిపో పరిధిలోని గ్రామాలకు బస్సు సర్వీసులను రద్దు చేసిన మాట వాస్తవమేనా, (ఆ) అయినచో, అందుకు గల కారణములేవి, (ఇ) సదరు సర్వీసులను ఎప్పటిలోగా పునరుద్ధరించెదరు?"

జవాబు: "(అ) లేదండి. (ఆ) మరియు (ఇ) ఈ ప్రశ్నలు ఉత్పన్నం కావు."

ఊళ్లో కోపం చూడాలి. సభలోనే అబద్ధం చెప్పినారు అన్నారు. సభాహక్కుల నోటీసు ఇద్దామని ఒకరు. నేను అడ్డుపడ్డాను, ఎందుకంటే ఆ జవాబు అబద్ధం కాదు. ఆ సర్వీసు డిపో షెడ్యూల్‌లో అలాగే ఉంది, నంబరుంది, రోజూ బయల్దేరుతోంది, చివరి నాలుగు కిలోమీటర్లు వెళ్లడం లేదంతే. ప్రశ్న శాసనసభ సచివాలయం నుంచి శాఖకి, శాఖ నుంచి సంస్థ ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి జిల్లా ప్రజా రవాణా అధికారికి, ఆయన నుంచి డిపోకి దిగుతుంది, జవాబు మళ్లీ అదే మెట్లెక్కి పైకి పోతుంది. దారిలో ఎవరికీ అడిగినదానికి మించి ఒక్క ముక్క చెప్పాల్సిన అవసరం లేదు. మొదటి భాగానికి "లేదు" అనే వీలు దొరికితే మిగతా భాగాలన్నీ వాటంతటవే రాలిపోతాయి. హక్కుల నోటీసు ఇచ్చి ఉంటే షెడ్యూల్ కాగితం చూపించి మనల్నే కూర్చోబెట్టేవాళ్లు.

పాసు పిల్లలు మిషన్‌కి కనపడరు

దారి చూపించింది ఒక రిటైరైన కంట్రోలరు. బస్టాండులో ఏళ్ల తరబడి ట్రిప్పులు పంపిన మనిషి. కలెక్షన్ లేదంటున్నారు అని నేను చెబితే ఆయన నవ్వి, "ఎవుని కలెక్షన్ నాయనా? పాసు పిల్లోళ్లు మిషన్లో కనపడతారా?" అన్నాడు.

ఆయన వివరించింది ఇదీ. ట్రిప్పు బాగుందా లేదా అన్నది కిలోమీటరుకి వచ్చిన ఆదాయాన్ని బట్టి చూస్తారు, ఈపీకే అంటారు. ఆ ఆదాయం టికెట్ మిషన్ నుంచి వస్తుంది. పాసున్న పిల్లాడికి టికెట్ కొట్టే పని లేదు. పిల్లాడు పాసుకి కట్టిన కాస్త డబ్బు పాసు కౌంటర్ లెక్కలో పడుతుంది, ఉచిత పాసయితే అదీ లేదు. మిగతా భారం, అంటే ప్రభుత్వం తిరిగి కట్టాల్సిన రాయితీ సొమ్ము, ప్రధాన కార్యాలయం స్థాయిలో క్లెయిమ్ అవుతుంది. ఆ పిల్లలు రోజూ ఎక్కే ట్రిప్పుకి ఇందులో ఒక్క రూపాయి కూడా రాయరు. నలభై మంది పిల్లలు, పది మంది టికెట్ వాళ్లు కిక్కిరిసిన బస్సుని ఊహించుకోండి. మిషన్ దృష్టిలో అది పది మంది బస్సు. అన్నం తిన్నది ఒక ఇంట్లో, పద్దు రాసింది ఇంకో ఇంట్లో.

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరికి రండి. ఈ ఊరి బస్సు ఎక్కేది పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు. పిల్లలు లెక్కలో లేరు, ముసలివాళ్లు ముప్పాతిక టికెట్. టికెట్ మొత్తం కట్టే మగవాళ్లు మోటర్‌సైకిల్ మీదో బెంగళూరులోనో ఉన్నారు. అంటే ఎక్కడ బస్సు అవసరం ఎక్కువో అక్కడే ట్రిప్పు లెక్క అధ్వానంగా కనిపిస్తుంది. ఇది ఒక్క ఊరి సంగతి కాదని అప్పుడు అర్థమైంది. అందుకే ప్రశ్నని ఊరి పేరు మీద అడగడం మానేశాం.

ఖర్చు వైపు కూడా ఒక తిరకాసు ఉంది. కిలోమీటరు ఖర్చు అని చెప్పే అంకెలో డ్రైవరు, కండక్టరు జీతాలు కలిపి చెబుతుంటారు. జీతాలు ప్రభుత్వం చూసుకుంటున్నప్పుడు, ఆ నాలుగు కిలోమీటర్లు వెళ్లకపోవడం వల్ల మిగిలేది డీజిలు, టైర్ల అరుగుదల మాత్రమే కదా అని నా వాదన. డిపో వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్ల మాటలోనూ బలం ఉంది. ఉన్న డ్రైవర్లు తక్కువ, అదే బస్సు త్వరగా వెనక్కి వస్తే మండలం నుంచి పట్నానికి నిండుగా పోయే ట్రిప్పుకి అందుతుంది, ఇక్కడ పెట్టిన ప్రతి అరగంటా అక్కడ తగ్గుతుంది అన్నారు. ఇది విన్నాక ఖర్చు వాదన పక్కన పెట్టాను. సిబ్బంది కొరత నిజమైనప్పుడు జీతం ఎవరిస్తున్నారన్నది అక్కడ పనిచేసే మనిషికి ఓదార్పు కాదు. ఆదాయం వైపు వాదనే పట్టుకున్నాం.

ఆధారం కావాలి. పాసు దరఖాస్తు మీద స్కూలు సంతకం ఉంటుంది, కాబట్టి ఏ ఊరి నుంచి ఎంతమందికి పాసులున్నాయో హెడ్మాస్టరు దగ్గర ఉంటుంది. ఆయన ఊరివారీగా జాబితా తీసి ఇచ్చారు, పేర్లు లేకుండా. దాని పక్కన హాజరు పట్టీలోంచి లేటు వివరాలు. సర్వేలూ సంతకాల సేకరణలూ పెట్టుకోలేదు, ఎందుకంటే మనం తయారుచేసిన కాగితాన్ని కాదనడం తేలిక, బడి రిజిస్టర్‌ని కాదనడం కష్టం.

ప్రశ్నని విడగొట్టాం

మూడు నోటీసులు వెళ్లాయి. ఇందులో ప్రతిదానికీ కారణం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది రవాణా శాఖకి, నక్షత్ర గుర్తు లేని ప్రశ్న, అంటే రాతపూర్వక జవాబు చాలు. జిల్లాలో డిపోల వారీగా షెడ్యూల్ ప్రకారం నడవాల్సిన కిలోమీటర్లు ఎన్ని, నడిచినవి ఎన్ని, తేడాకి కారణాలు ఏమిటి, మంజూరైన డ్రైవరు పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎంతమంది. ట్రిప్పుల ఆదాయాన్ని లెక్కించేటప్పుడు పాసులపై ప్రభుత్వం చెల్లించే రాయితీ సొమ్మును ఆ ట్రిప్పుకి జమ చూపుతున్నారా, చూపకపోతే ఎక్కడ చూపుతున్నారు. "మాట వాస్తవమేనా" అన్న ముక్క ఎక్కడా లేదు. అవును కాదు అని తప్పించుకునే భాగం ఒక్కటే, అది చివర్లో ఉంది, దానికి ఏ జవాబు వచ్చినా మనకి పనికొచ్చేదే.

ఒక్క డిపో గురించి అడగకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, అంత చిన్న విషయమైతే సంస్థ రోజువారీ పాలన కిందకి వస్తుందని నోటీసు తిరస్కరించే ప్రమాదం ఉంది. స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థల రోజువారీ వ్యవహారాలని సభలోకి లాగకూడదన్నది పాత సంప్రదాయం, విధానం, డబ్బు మాత్రం అడగొచ్చు. రెండు, డిపో మేనేజర్‌ని ఒంటరిగా బోనులో నిలబెట్టినట్టు అవుతుంది, రేపు బస్సు నడిపించాల్సింది ఆయనే. అన్ని డిపోలూ పక్కపక్కన ఉంటే పట్టిక తనే మాట్లాడుతుంది.

రెండోది పంచాయతీరాజ్ శాఖకి, కల్వర్టు అంచనా ఏ దశలో ఉందని. చిన్న ప్రశ్న. రవాణా ప్రశ్నలోనే ఇదీ కలుపుదామన్నారు ఆఫీసులో. కలిపితే రవాణా శాఖ "రోడ్డు మా పరిధి కాదు" అని ఆ ఒక్క భాగం పట్టుకుని మొత్తం ప్రశ్నని అటు తోసేయొచ్చు.

మూడోది నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్న, మౌఖిక జవాబు, అనుబంధ ప్రశ్నలు వేసే వీలు ఉంటుంది. రాయితీల కోసం గత మూడేళ్లలో బడ్జెట్‌లో ఎంత కేటాయించారు, సవరించిన అంచనాలో ఎంత, అసలు విడుదలైంది ఎంత, సంస్థ క్లెయిమ్ చేసింది ఎంత. బడ్జెట్ పుస్తకం చదవడం అలవాటు లేనివాళ్లు మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి సవరించిన అంచనాలోనూ, ఆ తర్వాత వచ్చే అసలు ఖర్చు లెక్కలోనూ ఉంటుంది. కేటాయింపు అంటే ఖర్చు పెట్టడానికి అనుమతి, డబ్బు చేరినట్టు కాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇచ్చి బిల్లు పాసయ్యేదాకా సంస్థకి అది కాగితమే.

సభ్యుడు మొదటి ప్రశ్నలో "పిల్లల చదువులు నాశనమవుతున్నా పట్టించుకోకుండా" అని ఒక ముక్క రాయమన్నాడు. తీసేశాను. ప్రశ్నలో వాదన, ఆరోపణ, వ్యంగ్యం ఉండకూడదన్నది నిబంధన, సచివాలయం ఎలాగూ కొట్టేస్తుంది, ఒక్కోసారి ఆ సాకుతో నోటీసే పక్కన పడుతుంది. ఆయన ముఖం ముడుచుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

జవాబులు

రాతపూర్వక జవాబుకి అనుబంధంగా పట్టిక సభ ముందు పెట్టారు. మా డిపోలో నడవాల్సిన కిలోమీటర్లకీ నడిచినవాటికీ తేడా మిగతావాటికంటే ఎక్కువగానే ఉంది, కారణాల గడిలో సిబ్బంది కొరత మొదటిది, రోడ్డు తర్వాతది. అంటే కల్వర్టు కట్టినా బస్సు రాకపోయేది. చివరి భాగానికి ఒక్క వాక్యం: ట్రిప్పు ఆదాయాన్ని టికెట్ల అమ్మకం ఆధారంగా లెక్కిస్తున్నారు, రాయితీల సొమ్ము సంస్థ స్థాయిలో జమ అవుతుంది. ఆ వాక్యం కోసమే ఇదంతా.

కల్వర్టు సంగతి ఊహించినట్టే వచ్చింది, నిధుల లభ్యతకు లోబడి.

నక్షత్ర ప్రశ్న ఆ రోజు జాబితాలో అదృష్టం కొద్దీ మౌఖికంగా అందుకుంది. జాబితాలో కింద పడి ఉంటే సమయం అయిపోయి రాత జవాబుగా సరిపెట్టేవాళ్లు. సభ్యుడు అనుబంధ ప్రశ్నలు నాలుగు వేస్తానన్నాడు. ఒక్కటే వేయండన్నాను, ఎందుకంటే నాలుగు వేస్తే జవాబిచ్చేవాళ్లు అందులో తేలికైనదాన్ని ఎంచుకుంటారు, మిగతా మూడూ గాలికి పోతాయి. ఆ ఒక్కటీ ఇది: పాసులున్న విద్యార్థుల సంఖ్య కలిపి గ్రామీణ ట్రిప్పుల ఆదాయాన్ని మళ్లీ లెక్కిస్తారా, ఎప్పటిలోగా? మంత్రిత్వ శాఖ తరఫున పరిశీలిస్తామని జవాబు వచ్చింది. గడువు చెప్పలేదు.

పరిశీలిస్తామన్న మాటకి విలువ లేదని జనం అనుకుంటారు. సభలో అంటే విలువ ఉంది, దాన్ని వాడుకోవడం తెలిస్తే. సభలో ఇచ్చిన హామీలని వెంటాడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది, ఇలాంటి మాటలు దాని ముందుకు వెళ్లొచ్చు. మేం ఆ రోజు సభ కార్యకలాపాల ప్రతి తీసుకుని, దానికి హెడ్మాస్టరు జాబితా జతచేసి, శాఖకీ జిల్లా ప్రజా రవాణా అధికారికీ ఒకే రోజు పంపాం. లేఖలో కోపం లేదు, కమిటీ మాట ఒక వాక్యంలో ఉంది అంతే. పైనుంచి ఆ ట్రిప్పు మీద రిపోర్టు పంపమని అడిగారు. ఇక్కడే కదలిక మొదలైంది. ఇన్నాళ్లూ మేం డిపోని అడుగుతుంటే, ఇప్పుడు డిపోకి మా కాగితం అవసరం వచ్చింది.

నేల మీద ఏం జరిగింది

జిల్లా అధికారి, డిపో వాళ్లు, హెడ్మాస్టరు, సర్పంచ్ స్కూల్లోనే కూర్చున్నారు. పొద్దున డిపో నుంచి ఆఖరి ఊరికి బస్సు రావాలంటే వచ్చేటప్పుడు దాదాపు ఖాళీగా వస్తుంది, ఆ కిలోమీటర్లు దండగ. అందుకే ఎంత నచ్చజెప్పినా పొద్దున ట్రిప్పు ఎవరికీ మింగుడుపడదు. కంట్రోలరు గారు చెప్పిన పాత పద్ధతి నైట్ హాల్ట్. రాత్రి ఆఖరి ట్రిప్పు ఊళ్లో జనాన్ని దింపి అక్కడే ఆగిపోతుంది, పొద్దున అక్కడి నుంచే పిల్లలతో బయల్దేరుతుంది, ఖాళీగా రావాల్సిన పనే లేదు. ఒకప్పుడు ఈ ఊరికి అలాగే ఉండేదట, డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి చోటు లేక ఆగిపోయింది. బడి అరుగు మీద దోమల్లో పడుకోమంటే ఎవరు పడుకుంటారు?

పంచాయతీ వాళ్లు వాడని గది ఒకటి శుభ్రం చేసి రెండు మంచాలు, ఫ్యాను, నీళ్లు, బాత్‌రూమ్ ఏర్పాటు చేశారు. సర్పంచ్ గారి భార్య, "రాత్రికి ఇంత సంగటి మేమే పంపిస్తాంలే అన్నా" అని డ్రైవరుతో అన్నదట, ఆ మాట డిపోలో బాగా పాకింది. మహిళా కండక్టర్లకి ఆ డ్యూటీ వేయకుండా డిపో మార్చుకుంది. కల్వర్టు దగ్గర శాశ్వత పని నిధుల కోసం ఎదురుచూస్తూనే ఉంది గానీ, మండల పరిషత్ నిధులతో తూములు వేసి గ్రావెల్ తోలించారు, ఇంజినీరూ డిపో వాళ్లూ కలిసి చూసి బస్సు పోవచ్చని రాసిచ్చారు. డిపో ఇంకొక పని కూడా చేసింది, నన్నడిగితే అసలైన మార్పు అదే. ఆ రూట్లో కండక్టరు పాసులున్న పిల్లల్ని తలలు లెక్కపెట్టి ట్రిప్ షీట్‌లో రాయడం మొదలుపెట్టాడు. మిషన్‌కి కనపడనివాళ్లు కాగితానికైనా కనపడుతున్నారు.

ఇలాంటి పని చేసేవాళ్లకి చెప్పాలనుకున్నవి చాలావరకు పైనే వచ్చేశాయి. ఇంకొకటి ఉంది. నష్టం అనే మాట ఏ శాఖ నోట విన్నా, అది ఏ స్థాయిలో వేసిన లెక్క అని అడగండి. ట్రిప్పు స్థాయిలో నష్టం, సంస్థ స్థాయిలో ప్రభుత్వం బాకీ, బడ్జెట్ స్థాయిలో కేటాయింపు మిగులు, ఈ మూడూ ఒకే డబ్బు గురించి కావచ్చు. మూడు చోట్లా ముగ్గురూ నిజమే చెబుతుంటారు.

ఈ కేసు నడిచినప్పటికి స్త్రీశక్తి పథకం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది, వాళ్లకి జీరో టికెట్ కొడతారు. డబ్బు తీసుకోకపోయినా టికెట్ పడుతుంది కాబట్టి ఏ ట్రిప్పులో ఎంతమంది ఆడవాళ్లు ఎక్కారో మిషన్‌లో ఉంటుంది. పాసు పిల్లలకీ అలాగే జీరో టికెట్ కొడితే ఈ గొడవే ఉండదు కదా అని కంట్రోలరు గారు ఈ మధ్య అన్నారు. నిజమే, కానీ నలభై మంది పిల్లలకి టికెట్లు కొట్టేసరికి స్కూలు వచ్చేస్తుంది, కండక్టర్లు ఒప్పుకోరని నా అనుమానం.

మూడో ప్రశ్న జవాబులో రాయితీల మొత్తం అన్నీ కలిపి ఒకే అంకెగా ఇచ్చారు. అందులో విద్యార్థుల పాసుల వాటా ఎంత, దానిలో బాకీ ఎంత అన్నది విడిగా తేలలేదు. వర్గాల వారీగా విడదీసి ఇవ్వమని మళ్లీ నోటీసు తయారైంది. సాయంత్రం ట్రిప్పు కూడా ఇంకా దారిలో పడలేదు, స్కూలు వదిలాక చాలాసేపు పిల్లలు బస్టాపులోనే కూర్చుంటున్నారు, ఎందుకంటే ఆ టైముకి బస్సు పట్నం ట్రిప్పులో ఉంటోంది. ఇది లెక్కల తేడా కాదు, డ్రైవర్ల కొరత, కాబట్టి ఈసారి ప్రశ్న పోస్టుల భర్తీ మీద వెళ్తుంది, ఆర్థిక శాఖ అనుమతి ఎప్పుడు అడిగారు, ఎక్కడ ఆగింది అని.